ప్రభుత్వ బాండ్ సురక్షితమే, మరి దాని విలువ ఎందుకు తగ్గింది?

"ప్రభుత్వ బాండే కదా, అందులో టెన్షన్ ఏముంటుంది అనుకున్నానండీ. ఇప్పుడు చూస్తే వందకు ఎనభై ఆరు చూపిస్తోంది. ప్రభుత్వం ఏమైనా దివాలా తీసిందా?"

తెలిసినాయన ఒకరు ఫోన్ నా ముందు పెట్టి అడిగిన మాట ఇది. గొంతులో కంగారు దాచుకోలేకపోతున్నారు. ఆయన తప్పేమీ లేదు. ప్రభుత్వ బాండ్ కొనబోయేవాళ్లకు "మీ అసలు ఎక్కడికీ పోదు" అని అందరూ చెబుతారు. ఆ అసలు చేతికొచ్చే తేదీ వరకు మధ్యలో దాని ధర ఎలా నడుస్తుందో చెప్పేవాళ్లు తక్కువ.

ఆ ప్రభుత్వం దివాలా తీయలేదు. ఒక్క వడ్డీ వాయిదా కూడా తప్పలేదు. అయినా ఆయన బాండ్ విలువ పడిపోయిన మాట నిజం. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలిస్తే, కొత్తగా బాండ్లలోకి దిగేవాళ్లు తెలుసుకోవలసిన దాంట్లో ముప్పాతిక వంతు తెలిసినట్టే. మిగతా పావు వంతు కూడా దాని చుట్టూ తిరిగేదే.

మొదటినుంచి వద్దాం. బాండ్ కొనడమంటే నోటు రాయించుకుని అప్పివ్వడమే. అప్పు తీసుకునేది ప్రభుత్వం, ఇచ్చేది మీరు. ఆ నోటు మీద మూడు సంగతులు ఖాయంగా ఉంటాయి. గడువు తీరాక తిరిగి ఇచ్చే మొత్తం, అంటే ముఖ విలువ. ఏటా ఇచ్చే వడ్డీ, దీన్నే కూపన్ అంటారు. ఇక గడువు తీరే తేదీ. ఆ తెలిసినాయన కొన్నది ముఖ విలువ 100, కూపన్ 5 శాతం, గడువు 30 ఏళ్లు. చాలా దేశాల్లో ఈ వడ్డీని ఆరు నెలలకోసారి సగం సగంగా ఇస్తారు. లెక్క తేలిగ్గా ఉండటానికి ఇక్కడ ఏడాదికోసారి అనుకుందాం.

ఏడాది, అంతకన్నా తక్కువ గడువున్న వాటిని ట్రెజరీ బిల్లులు అంటారు. వాటికి విడిగా వడ్డీ ఉండదు. 97 పెట్టి కొంటే ఏడాదికి 100 చేతికొస్తుంది. ఆ 3 వడ్డీ. పెట్టింది 97 కాబట్టి రాబడి నూటికి 3.09 పడుతుంది.

మామూలు నోటుకూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. ఈ నోటును గడువుకు ముందే ఇంకొకరికి అమ్ముకోవచ్చు. బాండ్ల బజారు అనేది ఉన్నదే అందుకు. అసలు, వడ్డీ, తేదీ మూడూ ముందే రాసేశారు, వాటిని ఎవరూ మార్చలేరు. కానీ బయట వడ్డీ రేట్లు రోజూ మారుతూనే ఉంటాయి. నోటు మీద ఏదీ కదలదు కాబట్టి, ఆ మార్పంతా నోటు చేతులు మారే ధర మీద పడుతుంది.

ఇది కాగితం మీద చూస్తేనే మనసుకెక్కుతుంది. ఆయనకు నేను వేసి చూపించిన లెక్క ఇది.

ఆయన బాండ్ ఏటా 5 ఇస్తుంది. కొన్న కొద్దికాలానికే రేట్లు పెరిగాయి. ఇప్పుడు అదే ప్రభుత్వం, అదే 30 ఏళ్లకు, కొత్త బాండ్ మీద 6 ఇస్తోంది. అలాంటప్పుడు ఆయన పాత బాండ్‌ను 100 పెట్టి ఎవరు కొంటారు? ఎవరూ కొనరు. ఏటా 1 చొప్పున ముప్పై ఏళ్లపాటు తక్కువ వస్తుంటే కొనడానికి వాళ్లేమీ పిచ్చివాళ్లు కాదు. ఆ తేడాను ఇప్పుడే ధరలో తగ్గించి ఇస్తే కొంటారు. ఎంత తగ్గించాలి? ముప్పై 1లు కాబట్టి 30 అనిపిస్తుంది. కానీ ముప్పై ఏళ్ల తర్వాత వచ్చే 1 ఇవాళ 1తో సమానం కాదు. 6 శాతం వడ్డీకి ఇవాళ 0.17 పెట్టినా అప్పటికి అది 1 అవుతుంది. పదేళ్ల తర్వాత వచ్చే 1 అయితే ఇవాళ్టి లెక్కలో 0.56. వచ్చే ఏడాది అందే 1 అయితే 0.94. ఇలా ముప్పై వాయిదాలనూ ఇవాళ్టి విలువకు దించి కూడితే 13.76 వస్తుంది. వందలోంచి అది తీసేస్తే 86.24. ఫోన్‌లో ఆయనకు కనిపించిన ఎనభై ఆరు అదే.

అంటే ఆ అంకె వెనక దివాలా లేదు, మోసమూ లేదు. ముప్పై ఏళ్లలో ఆయనకు తక్కువగా రాబోయే వడ్డీని బజారు ఒక్కరోజులో లెక్కకట్టి చూపించింది.

ఇక్కడే ఒక మాట చాలామంది అలవాటుగా అనేస్తారు: "గడువు దాకా ఉంచుకోండి, నష్టమే ఉండదు." ఇందులో సగమే నిజం. ఉంచుకుంటే 100 వస్తుంది, అనుమానం లేదు. కానీ పక్కనున్న కొత్త బాండ్ 6 ఇస్తుంటే మీరు ముప్పై ఏళ్లూ 5తో సరిపెట్టుకుంటారు. అమ్మితే ఆ 13.76 ఒక్కసారే కళ్లకు కనిపిస్తుంది. ఉంచుకుంటే ఏటా 1 చొప్పున కనిపించకుండా పోతుంది. నష్టం అమ్మిన రోజు పుట్టింది కాదు, రేట్లు పెరిగిన రోజే పుట్టింది. ఈ సంగతి చెబితే మనసు కష్టపడుతుందని తెలుసు. అయినా, తెలియకుండా ధైర్యంగా ఉండటం కన్నా తెలిసి నిర్ణయం తీసుకోవడం మేలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇదే లెక్క తిరగేసి కూడా పనిచేస్తుంది. రేట్లు 5 నుంచి 4కు దిగితే 10 ఏళ్ల బాండ్ ధర 100 నుంచి 108కి చేరుతుంది. ధర, రాబడి త్రాసులో రెండు పళ్లేల్లాంటివి. ఒకటి పైకి లేస్తే రెండోది కిందికి దిగాల్సిందే. "బాండ్ ఈల్డ్‌లు పెరిగాయి" అని వార్తల్లో వింటే, చేతిలో ఉన్న పాత బాండ్ల ధరలు తగ్గాయని అర్థం. ఈల్డ్ అంటే ఇవాళ్టి ధరకు కొని గడువు దాకా ఉంచుకుంటే వచ్చే ఏటా రాబడి. కొత్తవాళ్లు చాలామంది "ఈల్డ్‌లు పెరిగాయి" అనే ఆ వార్తను తలకిందులుగా అర్థం చేసుకుని సంతోషపడతారు.

ఆ తెలిసినాయన 30 ఏళ్ల బాండ్ కాకుండా వేరే గడువుది కొని ఉంటే? రేటు అలాగే 5 నుంచి 6కు పెరిగితే 10 ఏళ్ల బాండ్ 92.64కు దిగుతుంది. 2 ఏళ్లది 98.17కు మాత్రమే. ఏడాదిదైతే 99 పైనే ఉంటుంది. ప్రభుత్వం ఒకటే, కూపన్ ఒకటే, రేటు పెరిగింది కూడా అంతే. దెబ్బ మాత్రం గడువును బట్టి తగిలింది. తక్కువ వడ్డీకి ఎన్నేళ్లు కట్టుబడి ఉంటే అంత నష్టం.

కూపన్ చూసి మోసపోయే సంగతి ఒకటి ఉంది. బయట రేటు 5 శాతంగా ఉన్న రోజుల్లో, ఎప్పుడో ఇచ్చిన 8 శాతం కూపన్ బాండ్ ఒకటి అమ్మకానికి కనిపిస్తుంది. ఇంకా 5 ఏళ్ల గడువుంది. ఎనిమిది శాతమే అని ప్రాణం లేచొస్తుంది. కానీ దాని ధర 113 ఉంటుంది. అయిదేళ్లలో వడ్డీగా 40, చివర్లో 100, మొత్తం 140 వస్తుంది. పెట్టింది 113 కాబట్టి అసలు లాభం 27. మిగతా 13 మీ సొంత డబ్బే, వడ్డీ వేషంలో తిరిగొస్తోంది. ఆ వేషం తీసేసి చూస్తే రాబడి మళ్లీ 5 శాతమే. బాండ్ పేరులో కూపన్ పెద్ద అక్షరాలతో ఉంటుంది. మీరు చూడాల్సింది పక్కన చిన్నగా కనిపించే ఈల్డ్‌ను.

ఇప్పటిదాకా ప్రభుత్వం మాట తప్పదనే లెక్కలో మాట్లాడుకున్నాం. నిజంగా తప్పదా?

2017లో రెండు దేశాలు నూరేళ్ల గడువుతో బాండ్లు అమ్మాయి. జూన్‌లో అర్జెంటీనా 7.125 శాతం కూపన్‌తో డాలర్లలో అమ్మింది. సెప్టెంబరులో ఆస్ట్రియా 2.1 శాతం కూపన్‌తో యూరోలలో అమ్మింది. ఈ రెండింటి కథ పక్కపక్కన పెట్టి చూస్తే, ప్రభుత్వ బాండ్‌లో ఉండే రెండు వేరువేరు ప్రమాదాలు స్పష్టంగా కనిపిస్తాయి.

అర్జెంటీనా మూడేళ్లు కూడా నిలబడలేదు. 2020 మే నెలలో అప్పుల మీద వడ్డీ కట్టలేక చేతులెత్తేసింది. నూరేళ్ల మాట మూడేళ్లకే చెదిరింది. 2001లో కూడా అదే దేశం అప్పులు ఎగవేసింది. ఆ చరిత్ర తెలిసే మదుపరులు అంత వడ్డీ అడిగారు. ఏదైనా ప్రభుత్వం అందరికన్నా చాలా ఎక్కువ వడ్డీ ఇస్తోందంటే, అది ప్రేమతో ఇస్తున్నది కాదు. ఆ ఎక్కువ వడ్డీ భయానికి కట్టిన ధర.

ఆస్ట్రియా వేరు. దాని మాట మీద ఎవరికీ అనుమానం లేదు, ఒక్క వాయిదా తప్పలేదు. యూరప్‌లో రేట్లు సున్నా దగ్గర ఆడుతున్న 2020 చివర్లో ఆ 100 బాండ్ ధర 200 దాటిపోయింది. 2022లో రేట్లు ఒక్కసారిగా పెరిగాయి, ధర 100 కిందికి దిగింది. 200 పెట్టి కొన్నవాళ్లకు సగం పైగా ఆవిరైంది. దేశం నిక్షేపంగా ఉంది, వడ్డీ ఠంచనుగా అందుతోంది. నిజాయితీ గల దేశం బాండ్‌లోనూ ఇలా డబ్బు పోవచ్చు.

మాట తప్పే ప్రమాదం, ధర మారే ప్రమాదం. "ప్రభుత్వ బాండ్లు సురక్షితం" అనే మాట మొదటిదాని గురించే. రెండోదాని గురించి అది ఏమీ చెప్పదు.

మాట తప్పే ప్రమాదం ఎక్కడ తక్కువ? తన సొంత కరెన్సీలో అప్పు చేసిన ప్రభుత్వానికి, కష్టమొస్తే ఆ కరెన్సీని తన కేంద్ర బ్యాంకు ద్వారా సృష్టించుకునే వెసులుబాటు ఉంటుంది. పరాయి కరెన్సీలో చేస్తే ఉండదు. 2022 ఏప్రిల్‌లో శ్రీలంక విదేశీ అప్పుల చెల్లింపులు ఆపేయడానికి కారణం డాలర్లు నిండుకోవడం. గ్రీస్ అప్పు యూరోలలో ఉంది కానీ యూరోలను సృష్టించడం గ్రీస్ చేతిలో లేదు. 2012లో దాని బాండ్లు పట్టుకున్న ప్రైవేటు మదుపరులు ముఖ విలువలో 53.5 శాతం వదులుకున్నారు. అలాగని సొంత కరెన్సీ అయితే నూటికి నూరుపాళ్లు హామీ అనుకోకూడదు. 1998 ఆగస్టులో రష్యా తన రూబుళ్లలో రాసిచ్చిన బాండ్లనే ఎగవేసింది.

సొంత కరెన్సీని సృష్టించుకునే వెసులుబాటుకు ఒక చీకటి కోణం కూడా ఉంది. అక్షరాలా మాట నిలబెట్టుకుంటూనే, ఇచ్చే డబ్బుకు విలువ లేకుండా చేయవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ ప్రజలు దేశం కోసం తమ పొదుపు తీసి యుద్ధ బాండ్లు కొన్నారు. 1923 నవంబరు నాటికి ఒక్క డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు (జర్మనీ కరెన్సీ) అయ్యాయి. కాగితం మీద రాసిన మార్కులు అలాగే ఉన్నాయి, వాటితో కొనగలిగింది ఏమీ మిగల్లేదు. ఆ కుటుంబాల గురించి ఆలోచిస్తే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

అంత ఘోరం అరుదే. కానీ మెల్లగా, రోజూ జరిగేది దాని చిన్న రూపమే. ధరలు ఏటా 6 శాతం పెరుగుతుంటే, పదేళ్ల తర్వాత చేతికొచ్చే 100తో ఇవాళ 56కు వచ్చే సరుకే వస్తుంది. మీ బాండ్ 5 ఇస్తుంటే, అంకెల్లో డబ్బు పెరుగుతుంది గానీ కొనే శక్తి తరుగుతుంది. బాండ్ కొనేముందు ఈల్డ్‌లోంచి ద్రవ్యోల్బణం తీసేసి చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. దీనికి విరుగుడుగా ధరల సూచీతో పాటు అసలు, వడ్డీ పెరిగే బాండ్లు కొన్ని దేశాలు తెచ్చాయి. బ్రిటన్ 1981లో, అమెరికా 1997లో మొదలుపెట్టాయి. మంచి సాధనాలే. అయితే వాటికీ గడువు దెబ్బ తప్పదు. 2022లో బ్రిటన్‌లో ద్రవ్యోల్బణం 11 శాతం దాటిన సమయంలోనే దీర్ఘకాలపు సూచీ బాండ్ల ధరలు దారుణంగా పడిపోయాయి. ధరల పెరుగుదల నుంచి కాపాడే బాండ్ కూడా వడ్డీ రేట్ల పెరుగుదల నుంచి కాపాడలేదు.

ఇంతకీ కొత్తవాళ్లు ఏం చేయాలి? నా మటుకు నేను అడిగే మొదటి ప్రశ్న "ఎంత వడ్డీ వస్తుంది" కాదు, "ఈ డబ్బు ఎప్పుడు కావాలి" అని. ఆ తేదీకీ బాండ్ గడువుకీ పొంతన కుదిరితే ఇంతసేపు చెప్పుకున్న ధరల ఆటుపోట్లు మిమ్మల్ని పెద్దగా తాకవు. పొంతన కుదరకపోతే ఎంత గొప్ప ప్రభుత్వం బాండ్ అయినా ఇరకాటంలో పెడుతుంది.

ఇది చదువుకున్న బ్యాంకర్లకే అర్థం కాని సందర్భం ఉంది. అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంక్ తన డిపాజిటర్ల డబ్బును ఎక్కువగా ప్రభుత్వ బాండ్లలో, ప్రభుత్వ అండ ఉన్న గృహరుణ పత్రాల్లో పెట్టింది. ఎగవేత భయం దాదాపు లేనివి. కానీ వాటి గడువులు చాలా ఏళ్లు, డిపాజిటర్లు డబ్బు అడిగేది ఏ రోజైనా కావచ్చు. రేట్లు పెరిగాయి, డిపాజిట్లు తరగడం మొదలైంది. 2100 కోట్ల డాలర్ల పత్రాలను అమ్మేసి 180 కోట్ల డాలర్ల నష్టం చూపించాల్సి వచ్చింది. 2023 మార్చి 8న ఆ సంగతి బయటపెట్టారు, జనం ఎగబడ్డారు, 10న బ్యాంకు మూతపడింది.

డబ్బు ఎప్పుడు కావాలో ఖచ్చితంగా తెలియనివాళ్లకు పాత పద్ధతి ఒకటి ఉంది, నిచ్చెన కట్టడం. ఉన్న డబ్బును అయిదు భాగాలు చేసి ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదేళ్ల బాండ్లలో తలా ఒక భాగం పెడతారు. ఏటా ఒక మెట్టు గడువు తీరి డబ్బు చేతికొస్తుంది. అవసరముంటే వాడుకుంటారు, లేకపోతే మళ్లీ అయిదేళ్ల బాండ్ కొంటారు. రేట్లు పెరిగితే కొత్త మెట్టు ఎక్కువ వడ్డీకి పడుతుంది, తగ్గితే పాత మెట్లు పాత వడ్డీనే ఇస్తుంటాయి. రేట్లు ఎటు పోతాయో ఊహించే పని తప్పుతుంది. అది పెద్దపెద్ద నిపుణులకే సరిగ్గా కుదరని పని కాబట్టి, తప్పడమే మంచిది.

చాలామంది డబ్బును పోగుచేసి బాండ్లు కొనే బాండ్ ఫండ్ల దగ్గర ఒక్క జాగ్రత్త. ఫండ్ నిండా ప్రభుత్వ బాండ్లే ఉన్నా, ఆ ఫండ్‌కు గడువు తేదీ ఉండదు. పాతవి అమ్ముతూ కొత్తవి కొంటూ పోతుంది కాబట్టి "ఫలానా రోజున నా 100 వస్తుంది" అనే హామీ అందులో లేదు. 2022 ఒక్క ఏడాదిలోనే అమెరికా ప్రభుత్వ బాండ్ల సూచీ 12 శాతానికి పైగా పడింది. ఫండ్ వివరాల్లో డ్యురేషన్ అనే అంకె వెతకండి. అది 7 అని ఉంటే, రేట్లు 1 శాతం పెరిగినప్పుడు ఫండ్ విలువ దాదాపు 7 శాతం తగ్గుతుందని గుర్తు.

పరాయి దేశపు బాండ్ల జోలికి మొదట్లోనే వెళ్లవద్దని నా సలహా. వడ్డీలో వచ్చిన లాభాన్ని మారకపు రేటు ఒక్క నెలలో తుడిచేయగలదు.

కొనడం ఇప్పుడు కష్టం కాదు. ఒకప్పుడు భారత్ లాంటి చోట్ల బాండ్లు ఎక్కువగా బ్యాంకులకు, బీమా సంస్థలకే అందేవి. ఇప్పుడు అమెరికాలో ట్రెజరీ డైరెక్ట్, భారత్‌లో 2021 నవంబరులో మొదలైన ఆర్‌బీఐ రిటైల్ డైరెక్ట్ లాంటి వెబ్‌సైట్ల ద్వారా మామూలు మనిషి నేరుగా ప్రభుత్వ వేలంలోనే పాల్గొనవచ్చు. ధర మీరు చెప్పనక్కర్లేదు. ఎంత కావాలో చెబితే చాలు, పెద్ద సంస్థల బిడ్ల నుంచి తేలిన రేటుకే మీకూ ఇస్తారు. వేలంలో కాకుండా బజారులో పాత బాండ్ కొంటే, చూపించిన ధరకన్నా కాస్త ఎక్కువ కట్టాల్సి వస్తుంది. కంగారు పడొద్దు. చివరి వాయిదా తర్వాత ఇప్పటివరకు అమ్మేవాళ్లకు జమైన వడ్డీ అది. తర్వాతి వాయిదా మొత్తం మీకే వస్తుంది కాబట్టి లెక్క సరిపోతుంది. పన్ను సంగతి మాత్రం దేశానికో తీరుగా ఉంటుంది, పన్ను పోగా మిగిలే ఈల్డ్ ఎంతో కొనేముందే తేల్చుకోవాలి.

ఇక ఫోన్ చూపించిన ఆయన సంగతి. లెక్కంతా విన్నాక ఆయన అడిగారు, "రేట్లు తగ్గితే మళ్లీ నూటికి వస్తుంది కదండీ?" వస్తుంది, నిజమే. అదే రేట్లు ఇంకో 1 శాతం పెరిగి 7కు చేరితే 75కు దిగుతుందని కూడా వేసి చూపించాను. ఆ డబ్బు ఎప్పుడు కావాలని అడిగితే రెండేళ్లలో అన్నారు. ముప్పై ఏళ్ల బాండ్ ఎందుకు కొన్నారంటే, రెండేళ్లదాని కన్నా అర శాతం ఎక్కువ వస్తుందని. చాలాసేపు ఆ కాగితం వైపే చూస్తూ కూర్చున్నారు. రెండు రోజుల తర్వాత బాండ్ అమ్మేశారు. చేతికొచ్చిన 86.24ను 6 శాతం ఈల్డ్ ఉన్న రెండేళ్ల బాండ్‌లో పెట్టారు. ఆయనకు డబ్బు కావలసిన నాటికి అది 97 దగ్గరికి చేరుతుంది.